మేం ఈడనే నిలబడ్తం

మా వాడల ఎవరన్నా ఇల్లు మారిండ్లని నేను చిన్నప్పుడు వినలేదు. పుట్టిన గుడిసెలనే పెండ్లి, ఆ గుడిసె ముంగటనే పాడె. అన్నదమ్ములు వేరుపడితే నడుమ ఒక తడిక లేస్తది, అంతే. వాడ విడిచిపెట్టి పోయేది రెండు తీర్లు. కరువొస్తే బొంబాయికో పుణెకో మూటగట్టుకొని పోవుడు ఒకటి. పెద్దోళ్ల కోపానికి రాత్రికి రాత్రి పోవుడు రెండోది. ఈ రెంటిని ఎవరూ ఇల్లు మారడం అనరు. చదువు అయిపోయిన బిడ్డ వెంట తల్లిదండ్రులు పోయి, పట్నంల ఒక గది చూసి, సామాన్లు దించి, పొయ్యి అమర్చి, పైలం బిడ్డా అని చెప్పి తిరిగొచ్చుడు మా కులానికి కొత్త చరిత్ర. మా ఇంట్ల అది 2013ల మొదలైంది.

నేను సర్కారు బడిల సాంఘికశాస్త్రం చెప్పే పంతుల్ని. గోల్కొండ కోట ఎవరు కట్టిండ్లు, చార్మినార్ ఏ సంవత్సరంల లేచింది అని పిల్లలతోని వల్లె వేయిస్త. కోటలల్ల ఎవరుండేటోళ్లో పాఠంల ఉంటది. ఎవరికి తలదాచుకోను గది దొరకలేదో ఏ పాఠంలనూ లేదు. ఆ పాఠం రాయాల్సినోళ్లం మనమే.

మాది నవాబుపేట మండలం. అప్పుడు రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు నుంచి వికారాబాద్ జిల్లా. మాకు రైలంటే చిటిగిద్ద స్టేషను. నిజాం కాలంల, 1874ల వాడి నుంచి సికింద్రాబాదుకు పడ్డ లైను అది. మా తాత ఆ బండి కూతతోని పొద్దు లెక్కబెట్టుకునేటోడు. కానీ ఆ బండెక్కి ఎక్కడన్నా దిగి "నేనిక్కడ ఉంట" అనొచ్చన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఎట్లొస్తది? దొరకు చెప్పులు, మోటకు తోలు బొక్కెన, చావుకు డప్పు, చచ్చిన గొడ్డును ఈడ్చుడు - ఇవన్నీ ఆయన గడపకు కట్టేసిన పనులు. వెట్టి అంటే కూలి లేని పని అని పుస్తకాలల్ల రాస్తరు. కదలనియ్యని పని అని కూడా రాయాలె. మూడు తరాలు మా చెవుల పక్కనుంచి రైలు పోయింది, మేం పోలేదు.

తర్వాత సర్కారు మాకు ఇండ్ల జాగలు ఇచ్చింది. పట్టాలు వచ్చినయి, సిమెంటు గోడలు లేచినయి. కానీ ఆ జాగ ఎక్కడిచ్చింది? పాత వాడకు ఆవల, ఇంకో నూరడుగుల దూరంల. మట్టి గోడ సిమెంటు గోడ అయింది గాని దిక్కు మారలేదు. ఊరికి మేం ఏ దిక్కున ఉండాలెనో సర్కారుకు కూడా ముందే తెలుసన్నట్టు.

నేను మొదటిసారి వాడ దాటింది హాస్టలుకు. సాంఘిక సంక్షేమ శాఖ హాస్టలు. ఒక రేకు పెట్టె, ఒక ప్లేటు, ఒక గ్లాసు. పురుగుల అన్నం గురించి, నీళ్ల చారు గురించి మనవాళ్లు చాలామంది రాసిండ్లు, నేను మళ్ల రాయ. ఒక్క మాట మాత్రం చెప్పాలె. అక్కడ మీరెవరోళ్లని ఎవరూ అడగలేదు. అడిగే పనే లేదు, అందరం ఆ హాస్టలు పిల్లలమే. డిగ్రీ దాకా నాకు ఇల్లు అడుక్కునే అవసరం రాకుండ కాపాడింది ఆ హాస్టలే. అది ఎంత పెద్ద కాపుదలనో అందులోంచి బయటికొచ్చినంకనే తెలిసింది.

2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చి తాండూరు దగ్గర ఒక ఊరి బడిల చేరిన. ఉండేది తాండూరుల అని అనుకున్నం. అవ్వ మూడు దినాలు సామాను సదిరింది. యూరియా సంచి ఉతికి ఎండబెట్టి దాంట్లె బియ్యం పోసింది. కందిపప్పు, కారం, చింతపండు, ఒక చాప, రెండు బొంతలు, ఒక సిల్వరు గంజు, కిరసనాయిలు స్టవ్వు. అన్నిటికంటె అడుగున ఒక పాత డాల్డా డబ్బల ఎండు తునకలు. "కూర లేని నాడు నాలుగు వేసుకుంటే బువ్వ దిగుతది" అన్నది. మూటలు మోసుకొని నాయిన, అవ్వ, నేను చిటిగిద్దల ప్యాసింజరు ఎక్కి తాండూరుల దిగినం.

నాయినకు తాండూరు కొత్త కాదు. నేను పుట్టక ముందు నుంచి ఎండకాలం బండల గనులకు పోయేటోడు. తాండూరు బండ తెలవనోళ్లు లేరు. భూమిల పొరలు పొరలుగా ఉంటది. ఉలి ఎక్కడ పెట్టాలెనో ఎరిగిన చెయ్యి అయితే పలక తీర్గ ఊడొస్తది, లేకుంటే తునిగిపోతది. నాయిన చెయ్యి ఎరిగిన చెయ్యే. ఆయన బొటనవేలు గోరు ఇప్పటికీ సగమే ఉంటది. హైదరాబాదుల ఎన్ని ఇండ్లల్ల ఆ బండలు పరిచిండ్లో, ఎన్ని బడి వరండాలల్ల పరిచిండ్లో లెక్కలేదు. మా ఇంట్ల మాత్రం మట్టి అలుకే.

టు లెట్ బోర్డు ఉన్న మొదటి ఇంటికి ఇరవై అడుగుల దూరంల నాయిన ఆగిపోయిండు. మూట దించి ఒక యాపచెట్టు కింద పెట్టిండు.

"నువ్వు పో బిడ్డా. నువ్వు సారువు. మేం ఈడనే నిలబడ్తం."

"అదేంది నాయినా, నువ్వు రాకుంటే ఎట్ల?"

"మమ్ముల జూస్తే ఇయ్యరు."

అవ్వ ఏమనలేదు. కొంగు నెత్తిమీదికి గుంజుకొని బియ్యం సంచిమీద కూసున్నది. నా ప్యాంటు, చేతి గడియారం, ఉద్యోగం కాయితం ఇల్లు తెస్తయి, వాళ్ల మొఖాలు దాన్ని పోగొడ్తయి - ఇదీ వాళ్ల లెక్క. కొడుకును ఇంట్ల దించనొచ్చిన తల్లిదండ్రులు కొడుకుకు ఇల్లు దొరకాలంటె కనబడకుండ ఉండాలె. మిగతా కులాలల్ల తండ్రి ముందు నడుస్తడు, కిరాయి బేరం చేస్తడు, మా పిల్లగాడు బుద్ధిమంతుడని చెప్తడు. మా దిక్కు తండ్రి చేసే సాయం చెట్టు చాటుకు పోవుడు.

మొదటి ఇంటాయన మంచిగనే మాట్లాడిండు. కుర్చీ ఏసిండు. టీచరంటె సంతోషపడ్డడు. ఏ సబ్జెక్టు, ఏ ఊరు, ఆఖరుకు "మీరెవరోళ్లు సార్?" చెప్పిన. ఆయన మొఖం మారలేదు, అది మెచ్చుకోవాలె. "మా ఇంట్లామెను ఒక మాట అడిగి రేపు ఫోన్ చేస్త" అన్నడు. ఆ ఫోన్ రాలేదు. రెండో ఇంట్ల పూజ గది గోడ, కిరాయి గది గోడ ఒకటేనట, మీకే ఇబ్బంది సార్ అన్నడు. నా ఇబ్బంది గురించి ఆయనకు ఎంత రంది!

నేను తిరిగొచ్చేసరికి అవ్వ సంచి విప్పి మళ్ల సదురుతున్నది. పైన కందిపప్పు మూట, దాని కింద బొంత, బొంత లోపల డాల్డా డబ్బ. ఎవరూ చెప్పకుండనే ఆమెకు ఎక్కడ ఏం దాయాలెనో అర్థమైంది.

మూడోది ఒక ముసలి బీబీ ఇల్లు. ఆమె అడిగిన ప్రశ్నలు వేరే. ఎంతమంది ఉంటరు? రోజు విడిచి రోజు నీళ్లొస్తయి, సరిపోతయా? లైటు బిల్లు ఎవరు కట్టాలె? రెండు నెలల అడ్వాన్సు ఇయ్యగలవా? తర్వాత దర్వాజ నుంచి తొంగి చూసి "వాళ్లెవరు? మీ అమ్మీ అబ్బానా? ఎండల నిలబడ్డరేంది, లోపలికి పిలువు" అన్నది. అవ్వకు వాళ్లు తాగే గ్లాసులనే చాయ్ ఇచ్చింది. అవ్వ ఆ గ్లాసు కడగనీకి లేస్తే "బైఠో" అని కూసోబెట్టింది. నాయిన ఆ గది నేలను చేత్తోని తడిమి చూసిండు. తాండూరు బండనే. "మంచిగ పరిచిండ్లు" అన్నడు.

ముసల్మానులందరు ఇట్లనే ఉంటరని నేను చెప్పను. వాళ్లల్లనూ పెద్దా చిన్నా పట్టింపులున్నయి. కానీ ఇల్లు దొరకని బాధ వాళ్లకు కూడా తెలుసు. సుఖదేవ్ తోరట్, ఆయనతోటి పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్నాలల్ల కిరాయి ఇండ్ల మీద పరిశోధన చేసి 2015ల అచ్చేసిండ్లు. పై కులం పేరుతోని, దళితుల పేరుతోని, ముస్లిం పేరుతోని ఇల్లు అడిగి చూసిండ్లు. మనకు తెలిసిందే తేలింది. దళితులకంటె ముస్లింలకు ఇంకా ఎక్కువ కాదన్నరు.

ఆ గదిల పండుకొని చదివిన మొదటి పుస్తకాలల్ల బాబాసాహెబ్ రాసుకున్న చిన్న ఆత్మకథ ఒకటి, వీసా కోసం ఎదురుచూపు గురించినది. ఆయన బతికున్నప్పుడు అది అచ్చుకాలేదు, 1990ల ఆయన పెట్టిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వేసింది. అందులో ఇల్లు దొరకని కథ ఉన్నది. 1917ల అమెరికా, ఇంగ్లండుల చదువుకొని వచ్చి బరోడా రాజు కొలువుల చేరనీకి పోయిండు. చేతుల కొలంబియా చదువున్నది, తలపెట్టనీకి జాగ లేదు. ఒక పార్సీ సత్రంల, ఒక పార్సీ పేరు పెట్టుకొని ఉన్నడు. పదకొండో దినం కర్రలు పట్టుకొని మంది వచ్చి వెళ్లగొట్టిండ్లు. అప్పుడు ఇద్దరు స్నేహితులను అడిగిండు. ఒకాయన హిందువు, నువ్వొస్తే మా నౌకర్లు పోతరన్నడు. ఇంకొకాయన క్రైస్తవుడు, నా భార్యను అడిగి చెప్తనన్నడు. ఆయన రాత్రి బండి దాకా ఒక తోటల చెట్టు కింద కూసొని బొంబాయికి తిరిగిపోయిండు.

నా భార్యను అడిగి చెప్త. 1917ల బరోడా, 2013ల తాండూరు. తొంభై ఆరేండ్లల్ల రాజ్యాంగం వచ్చింది, దాన్ని రాసింది ఆ చెట్టు కింద కూసున్న మనిషే, కానీ ఇంటి ఓనర్ల జవాబు అక్షరం మారలేదు.

ఆయనకు కూడా ఒక తండ్రి ఉండె. బొంబాయి పరేల్ల ఒక్క గదిల కాపురం. కొడుకు ముందు పండుకోవాలె, తండ్రి మేలుకొని రెండు గంటలకు లేపి చదివించాలె. ఇద్దరు ఒక్కసారి పండుకునే జాగ ఆ గదిల లేదు. ఆ తండ్రి 1913ల పోయిండు. బరోడా తోటల కూసున్ననాడు వెంట ఎవరూ లేరు. తర్వాత ఆయన దాదర్ల రాజగృహ కట్టుకున్నది పుస్తకాల కోసమని అందరు చెప్తరు. నిజమే. కానీ ఎవరూ ఖాళీ చెయ్యమనని ఇల్లు అంటె ఏమిటో ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

అదే 1917ల, ఇటు బెజవాడల, మన హైదరాబాదు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. పంచములు అనే పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని అక్కడ తీర్మానించిండ్లు. 1888ల పుట్టిన మాదరి భాగయ్య అప్పటికే ఇసామియా బజారుల బడి పెట్టి ఉన్నడు. ఒకే సంవత్సరం రెండు సంగతులు. ఒక దగ్గర ఇంత చదివినాయన పేరు దాచుకుంటె తప్ప గది దొరకలేదు. ఇంకో దగ్గర చదువు అందనోళ్ల తరఫున పేరే మార్చి చాటిండ్లు. దాచుడు, చాటుడు. ఈ రెంటి నడుమ మా ఇండ్లల్ల ఇప్పటికీ కొట్లాట నడుస్తనే ఉన్నది.

ఇల్లు లేకుంటె చదువు నిలబడదని మనవాళ్లకు ముందే తెలుసు. 1950ల, అప్పటి హైదరాబాదు రాష్ట్రంలనే ఉన్న ఔరంగాబాదుల అంబేడ్కర్ కాలేజీ పెట్టిండు. తర్వాత దాన్నే మిళింద కాలేజీ అన్నరు. పాఠం చెప్తే చాలదని హాస్టళ్లు కూడా కట్టించిండ్లు. బి.ఎస్. వెంకట్రావు 1940లల్ల నిజాం సర్కారుతోని కొట్లాడి దళితుల చదువుకు కోటి రూపాయల నిధి తెచ్చిండు. నా రేకు పెట్టె వెనుక ఇంత చరిత్ర ఉన్నదని హాస్టల్ల ఉన్నప్పుడు నాకెవరు చెప్పిండ్లు?

చట్టం లేదా అంటరు. ఉన్నది. 1955ల వచ్చిన అంటరానితనం నేరాల చట్టం, 1976ల పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చుకున్నది. ఏ ప్రాంతంలనైనా నివాసం ఉండనీకి అంటరానితనం పేరుతోని అడ్డుపడితే నేరమని దాని నాలుగో సెక్షన్ల రాసి ఉన్నది. కానీ అడ్డం పడేటోడు అంటరానితనం అనే మాట నోట్లెంచి రానిస్తడా? బంధువులొస్తున్నరంటడు. రిపేరుందంటడు. మా ఇంట్లామె అంటడు. ఆ ఇంట్లామె పాపం ఎన్నడూ బయటికి రాదు.

ఇగ మా చెల్లె సంగతి. ఆమె నాకంటె పదకొండేండ్లు చిన్న. గురుకులంల చదివి, ఇంజనీరింగు చేసి, హైదరాబాదుల ఒక కంపెనీల చేరింది. చదువుకునే రోజులల్ల ఆమె హాస్టల్ల ఉన్నదంటెనే అవ్వకు నిద్ర ఉండకపోయేది. 2016 జనవరిల కేంద్రీయ విశ్వవిద్యాలయంల ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టలు గదుల నుంచి వెళ్లగొడితే, వాళ్లు పక్కబట్టలు, అంబేడ్కర్ ఫోటో పట్టుకొని బయటికొచ్చి, ఆరుబయట గుడారమేసి దానికి వెలివాడ అని పేరు పెట్టిండ్లు. జనవరి 17న రోహిత్ వేముల పోయిండు. అవ్వ టీవీ ముందు కూసొని ఒక్కటే మాట అన్నది: "మన వాడ అంత దూరం పోయిందా?"

2023ల చెల్లె, ఆమె స్నేహితురాలు కలిసి లింగంపల్లి దిక్కు అపార్టుమెంటుల రెండు గదుల ఇల్లు తీసుకోవాలనుకున్నరు. ఆ స్నేహితురాలిది వేరే కులం. ఆరు ఇండ్లు చూసిండ్లు. ఇప్పటి ఓనర్లు మీరెవరోళ్లని సీదా అడుగరు. ఇంటిపేరు అడుగుతరు. ఊరు అడుగుతరు, ఊర్ల ఎటు దిక్కు అని అడుగుతరు. నాన్‌వెజ్ వండుతరా, ఏ నాన్‌వెజ్ అని అడుగుతరు. ఆఖరుకు పెండ్లిగానోళ్లకు ఇయ్యమంటరు. ఒక ఇంటిని పొద్దున చెల్లె అడిగితే అట్లనే అన్నరు. పొద్దుగూకినంక స్నేహితురాలు తన పేరు చెప్పి ఫోన్ చేస్తే అదే ఇల్లు ఖాళీగానే ఉన్నది, రేపే రమ్మన్నరు. ఆమె కూడా పెండ్లిగానిదే.

ఆ రాత్రి ఫోన్ల మా ఇంట్ల పెద్ద పంచాయితి. స్నేహితురాలి పేరు మీదనే కాయితం రాయించుకోమని నాయిన. "ఇంటిపేరుదేముంది బిడ్డా, ఏదో ఒకటి చెప్పు. ఇల్లు ముఖ్యం" అని అవ్వ.

"పేరు మార్చుకొని ఎన్ని రోజులుంట అవ్వా? అంబేడ్కర్‌నే పదకొండు రోజులుంచిండ్లు" అన్నది చెల్లె.

అవ్వకు ఆ కథ తెలవదు. నేను చెప్పిన. అంతా విని "ఆయన తల్లి లేకుండెనా?" అని అడిగింది. చిన్నప్పుడే పోయిందని చెప్పిన. "అందుకే" అన్నది. ఏమందుకో నాకు ఇప్పటికీ సరిగ్గ అర్థం కాలేదు గాని, తెల్లారి మళ్ల అబద్ధం చెప్పుమనలేదు. చెల్లె రెండు పేర్లు కాయితం మీద ఉండాలెనని పట్టుబట్టింది. ఇంకో నెల లేడీస్ హాస్టల్లనే ఉన్నది. ఆ నెలంతా ఆమెకు ఆఫీసు ఒక పని, ఇల్లు వెతుకుడు ఒక పని. ఆఖరుకు రిటైరైన ఒక పెద్దమనిషి ఇచ్చిండు. ఒకటో తారీకు కిరాయి పడితే నాకు చాలమ్మా అన్నడు. కాయితంల పన్నెండు షరతులు పెట్టిండు, కులం వాటిల లేదు.

ఇల్లు దిగిననాడు నేనూ పోయిన. నాయిన, అవ్వ చిటిగిద్దల పొద్దుటి బండెక్కి వచ్చిండ్లు. ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆగలేదు. చెల్లె నాయిన చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయింది. మెట్ల కింద ఒక అర్రల వాచ్‌మన్ కుటుంబం ఉంటది. కొడంగల్ దిక్కోళ్లు. అవ్వ రెండు మాటలల్లనే వరస కలుపుకున్నది, వాచ్‌మన్ భార్య మాకు చెల్లెలు వరసట. ఐదంతస్తుల బిల్డింగుల మావోళ్లు అప్పటిదాకా మెట్ల కిందనే ఉన్నరు, మొదటిసారి మూడో అంతస్తుకు ఎక్కుతున్నరు.

అవ్వ బియ్యం సంచి పట్టుకొని లిఫ్టు కోసం నిలబడ్డది. పక్క ఫ్లాటామె వచ్చి ఎగాదిగ చూసి "కొత్తగ వచ్చినవా? ఎవరింట్ల పనికి కుదిరినవ్?" అని అడిగింది.

"నా బిడ్డింట్ల" అన్నది అవ్వ.

ఆమెకు ఏం అర్థమైందో, సరే సరే అని లిఫ్టెక్కింది. అవ్వ కూడా సంచితోని అదే లిఫ్టెక్కింది.

ఇంట్ల నేలకు తెల్లటి టైల్సు. నాయిన కాలుతోని రాసి చూసి "జారుతది, నీళ్లు పోసుకోకు" అని చెల్లెకు చెప్పిండు. అవ్వ నల్లా తిప్పి ఎంతసేపు నీళ్లొస్తయో చూసింది. కిటికీలు లెక్కబెట్టింది, నాలుగు. గ్యాసు సిలిండరు వాసనొస్తే ఏం చెయ్యాలెనో స్నేహితురాలితోని రెండుసార్లు చెప్పించుకున్నది. నేను మంచాలు బిగించిన. చెల్లె అంబేడ్కర్ ఫోటో తీసి గోడకు కొడ్తనంటె స్నేహితురాలు కాయితం చూపెట్టింది: గోడలకు మేకులు కొట్టరాదు. ఏడో షరతు. ఇద్దరు నవ్వుకున్నరు.

నాయిన వంటింట్లకు పోయి ఎత్తు మీది అరను గుడ్డతోని తుడిచిండు. ఫోటో పెట్టి చూస్తే ముందుకు వాలుతున్నది. అవ్వ తెచ్చిన సామాన్లల్లెంచి డాల్డా డబ్బ తీసి, అరమీద వెనుకకు పెట్టి, దానికి ఆనించి నిలబెట్టిండు. తర్వాత ఐదున్నర బండి అందదని తొందరపెట్టిండు.